మా కొండ మీద మంచు నార్మల్!

ఈ చలికాలం మా కొండ మీద మంచు పడలేదు. లద్దాఖ్‌లో ఇంతకన్నా శుభవార్త మా తరం విని ఎరగదు!

నొసలు చిట్లించకండి. నేను శ్రీనగర్ కాలేజీలో బి.ఏ. చదివినవాణ్ణి, తొందరపడి మాట్లాడే వయసు దాటినవాణ్ణి. నింపాదిగా వినండి.

అసలు మంచు అంటే ఏమిటి? చాకిరీ! మిద్దె మీద పడిందంటే టీ తాగకముందే పైకెక్కి తోసెయ్యాలి. లేకపోతే మట్టి కప్పు నాని, నడినెత్తిన కారుతుంది. నా భార్య చోరోల్ బతికున్న రోజుల్లో నేను పైన తోస్తుంటే, తను వాకిట్లో నిలబడి, "మూల వదిలేశారు, మూల!" అని కేకలేసేది. ఈ ఏడు చెక్కపార గోడకు ఆనించింది ఆనించినట్టే ఉంది. మూల వదిలేశానని అనడానికి ఆమె లేదు, వదిలెయ్యడానికి మంచూ లేదు. ఎంత హాయి!

ఇక శాంతి సంగతి. మంచు దండిగా పడిన ఏడు వాగు నిండుగా దిగేది. నీటి వంతు ఎవరిది ముందంటూ సొంత అన్నదమ్ములే పారలు ఎత్తుకునేవాళ్లు. ఇప్పుడు వాగులో గులకరాళ్లు తప్ప ఏమీ లేవు. గులకరాళ్ల కోసం ఎవడు తల పగలగొట్టుకుంటాడు? గొంపా మఠంలో లామాలు తరతరాలుగా చెప్పినా రాని శాంతిని మంచు ఒక్క ఏడాది ముఖం చాటేసి తెచ్చిపెట్టింది. బుద్ధుడి కన్నా గొప్పది కాదూ!

పైగా వ్యాపారం! మంచు లేదు కనుక కనుమ దారి మూతపడలేదు. దారి తెరిచి ఉంది కనుక పర్యాటకులు వస్తున్నారు. ఎందుకు వస్తున్నారంటారా? మంచు చూడటానికి!

వాళ్లను నిరాశపరచడం మర్యాద కాదని మా ఊరి జిగ్మెత్ కనిపెట్టాడు. ఊరికి ఎగువన మూడంతస్తుల హోటల్ కట్టినవాడు ఇతనే. గదికో స్నానాల తొట్టి, తొట్టికో వేణ్ణీళ్ల కుళాయి, వాటన్నిటికీ కలిపి పాతాళం దాకా దింపిన ఓ బోరు. వీళ్ల నాన్న బతికినన్నాళ్లూ ఏడాదికి ఒక్కసారి, లోసార్ పండక్కి స్నానం చేసేవాడు. పాపం, ఆయన బాకీ అంతా కొడుకు తీరుస్తున్నాడు.

ఆ హోటల్‌కు దిగువన కుంజెస్ చేను ఉంది. కుంజెస్ మా పక్కింటావిడ, ఉన్నది ఆ ఒక్క బార్లీ చేనే. మాకు వాగు నీళ్లు ఎండలు ముదిరాక గానీ దిగవు. అంతవరకు ఆ చేనుకు గట్టు కింది ఊటే ఆధారం. వసంతంలో ఆ ఊటతో ఒకసారి నేల నానితేనే దున్నడం, విత్తడం. నానకపోతే నేల కాదు, బండ. బండను దున్నే జత ఎడ్లు ఇంకా పుట్టలేదు. బోరు పడిన ఏడు ఊట సన్నబడింది. ఈ ఏడు మంచు కూడా లేకపోయేసరికి నిలిచిపోయింది.

మా దగ్గర ఇంకో అలవాటు ఉంది. చేలమీద మంచు తొందరగా కరగాలని, చలికాలానికి ముందే పొడిమట్టీ పొయ్యి బూడిదా పోగేసి ఇంట్లో దాచుకుంటాం. వసంతంలో ఆ నల్లటి పొడిని మంచు మీద చల్లుతాం. ఎండకు నలుపంటే ప్రాణం. తెలుపు మీద వాలని ఎండ నలుపు మీద వాలి కూర్చుంటుంది. ఎప్పటిలాగే ఈసారీ కుంజెస్ గది నిండా పోగేసింది.

"దీన్నేం చెయ్యను ఆజాంగ్‌లే?" అంది ఓ రోజు నాతో. మా వైపు మామయ్య వరసవాళ్లను గౌరవంగా అలాగే పిలుస్తారు. "చల్లుదామంటే మంచు లేదు. నెత్తిన పోసుకోవడానికి మరీ ఎక్కువైంది."

ఊరంతా కలిసి జిల్లా ఆఫీసుకు వెళ్లాం. విత్తనాలు పడేదాకా, అంటే ఓ రెండు వారాలు, బోరు ఆపించండి, ఊట మళ్లీ తేరుకుంటుంది అన్నాం. అడగ్గానే ఆపడానికి అదేమైనా ఇంట్లో కుళాయా? ముందు కొండ మీద మంచు ఎంత ఉందో శాస్త్రీయంగా తేల్చాలన్నారు. ఒక బృందాన్ని వేశారు.

బృందం జీపులో కనుమ దాకా వెళ్లింది. జీపు దిగితే చలి. అందుకని దిగిన చోటే, నూడుల్స్ కొట్టు పక్కనే కొలబద్ద దించారు. కొలబద్ద మునిగిపోయింది! ఎందుకు మునగదు? చలికాలమంతా కనుమ రోడ్డు పొడుగునా రాలిన ఆ కాస్త మంచునూ బుల్డోజరు ఊడ్చి కుప్పేసింది అక్కడేగా! మంచు నార్మల్ అని రాసుకుని, నూడుల్స్ తిని దిగొచ్చారు. పెళ్లి వంటశాలలో అన్నం గుండిగ కొలిచి ఊళ్లో కరువు లేదని తేల్చినట్టు!

తర్వాత మా ఊళ్లో సభ. పెద్ద ఆఫీసరుగారు మైదానాల మనిషి, అయినా మాకోసం నాలుగు లద్దాఖీ ముక్కలు నేర్చుకొచ్చారు. మా భాషలో మంచునూ "ఖ" అంటాం, నోటినీ "ఖ" అంటాం. సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. ఆయన ఛాతీ పొంగించి, "మీ కొండ మీద ఖ చాలా ఉంది! దిగులు పడకండి!" అన్నారు.

వెనకనుంచి కుంజెస్ లేచింది. "కొండకి నోరెక్కడిది సార్? నోళ్లన్నీ కిందికి దిగొచ్చి కుర్చీల్లో కూర్చున్నాయి గదా!"

సభ గొల్లుమంది. తన ఉచ్చారణను మెచ్చుకున్నారనుకుని ఆఫీసరుగారు చేతులు జోడించి "జూలే, జూలే" అన్నారు. బోరు ఆగలేదు. మంచు నార్మల్‌గా ఉన్న దేశంలో బోరెందుకు ఆపుతారు?

ఇప్పుడు జిగ్మెత్ కనిపెట్టిన మర్యాద దగ్గరికి వద్దాం. బృందం కొలిచిన ఆ కుప్పనే అతను టిప్పర్లకెత్తించి, హోటల్ వాకిట్లో పోయిస్తున్నాడు. పర్యాటకులు అద్దె బూట్లు తొడుక్కుని, మంచు ముద్దలు విసురుకుని, ఫోటోలు దిగి, వణుకుతూ వేణ్ణీళ్ల తొట్టిలోకి పోతున్నారు. కొండకు లేని మంచు హోటల్‌కు ఉంది. ఇంతకన్నా అభివృద్ధి ఏం కావాలి?

మొన్న పొద్దున ఆ వాకిట్లోకి కుంజెస్ వచ్చింది. వీపున బుట్ట, వెనక మరో నలుగురు ఆడవాళ్లు, వాళ్ల వీపుల మీదా బుట్టలు. బుట్టలు దించారు. తెల్లటి మంచు గుట్ట మీద దోసిళ్లతో మట్టీ బూడిదా చల్లడం మొదలుపెట్టారు.

జిగ్మెత్ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. "ఆచె! ఏంటిదక్కా? గెస్టులున్నారు!"

"కనిపిస్తున్నారులే తమ్ముడూ," అంది కుంజెస్. "నువ్వు కాస్త పక్కకి జరుగు. మంచు మీద నీ నీడ పడుతోంది."

"ఇది నా మంచు! డబ్బు పోసి తెప్పించా!"

"కొండదనుకున్నానే! నార్మల్ అని కొలిచింది దీన్నే కదా?"

చలవ కళ్లద్దాల పర్యాటకురాలు ఒకామె దగ్గరికొచ్చి, ఇదేమైనా పండగా అని అడిగింది. పండగే తల్లీ అన్నారు ఆడవాళ్లు. ఆమె కూడా గుప్పెడు బూడిద తీసుకుని భక్తిగా చల్లి, ఫోటో దిగింది. ఆమెను చూసి మిగతావాళ్లూ వరసలో నిలబడ్డారు. అతిథి చల్లుతుంటే హోటల్ యజమాని ఏమనగలడు?

మధ్యాహ్నానికి గుట్ట కుంగింది. నీళ్లు వాకిలి దాటి, కాలవలో పడి, గట్టు దిగి, తిన్నగా కుంజెస్ చేలోకి పోయాయి. ఆఫీసు నివేదికను మేం అనవసరంగా తప్పుబట్టాం. అందులో చెప్పిన మంచు చివరికి చేనుకు అందింది కదా!

సాయంత్రం జిగ్మెత్ మా ఇంటికొచ్చాడు. ఉప్పు టీ పోశాను. ముఖం వేలాడేసుకుని, "ఆజాంగ్‌లే, మీరు పత్రికకి రాస్తారుగా. ఊళ్లోవాళ్లు మంచు పాడుచేస్తున్నారని గట్టిగా రాయండి" అన్నాడు. ఇంటికొచ్చి అడిగినవాణ్ణి కాదనలేను.

రాస్తున్నాను. పాఠకులారా, మా ఊళ్లోవాళ్లు మంచు పాడుచేస్తున్నారు! తీవ్రంగా ఖండిస్తున్నాను. పర్యాటకులకు కూడా ఒక మనవి: త్వరగా రండి. వచ్చి, మంచు కావాలని జిగ్మెత్‌ను గట్టిగా అడగండి. టిప్పర్లు ఆగిపోకూడదు.

ఎందుకంటే, ఇప్పుడే చేను చూసి వచ్చాను. నేల బాగానే నానింది గానీ, తూర్పు వైపు ఇంకా తెల్లగా, పొడిగా ఉంది. మూల వదిలేశారు, మూల! రేపు ఖండించడానికి నేను కూడా స్వయంగా వెళ్తున్నాను, వీపున బుట్టతో.