జీపొస్తే ఆగే కంప్యూటర్

ఆ ఉదయం వజ్రమ్మ పెట్టుకున్నది ఒక్కటే పని: మామిడికాయ తొక్కు. కాయలు కడిగి, తుడిచి, చాటలో ఆరబోసింది. కారం, ఉప్పు, ఎల్లిపాయ వరుసగా పెట్టుకుని కత్తిపీట ముందు కూర్చోబోతుండగా వీధి మలుపులో జీపు చప్పుడైంది. ఇంటి ముందు భాగంలో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, చెవులు చిల్లులు పడేట్టు మోగుతూనే ఉన్నాయి. అయినా ఆమెకు వినిపించింది. సిరిసిల్లలో మగ్గాల మోత మధ్య పుట్టి పెరిగినవాళ్లకు మోత వినిపించదు, మోత కానిదే వినిపిస్తుంది.

ఆమె గబుక్కున లేచి, బియ్యం డబ్బా వెనక మడతపెట్టి ఉంచిన బొంత తీసి వంటింటి గూట్లో కుక్కింది. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత అది. చలికాలంలో ఇద్దరు కప్పుకున్నా ఇంకా మిగులుతుంది. నాలుగు మూలలూ బిగించి, ముందు జల్లెడ ఆనించి, ఏమీ ఎరగనట్టు వచ్చి మామిడికాయ చేతిలోకి తీసుకుంది.

ఆ గూడు గోడకు రెండు వైపులా తెరిచి ఉంటుంది. అవతల చిన్న అర్ర, ఇవతల వంటిల్లు. వెనకటికి అత్తగారు మంచం పట్టినప్పుడు అందులోంచే గంజి అందించేవాళ్లు. ఇప్పుడు అందులో కూతురు నీల కంప్యూటర్ డబ్బా కొలిచి చేసినట్టు పట్టింది. బొత్తాలున్న ముందు వైపు అర్రలోకి, వైర్లు వేలాడే వెనక వైపు వంటింట్లోకి. "టేబుల్ మీద జాగ లేదు. గీడైతే వెనక ఫ్యానుకు గాలాడుతది" అని నీలే ఏరికోరి పెట్టుకుంది. వచ్చిన చిక్కల్లా ఒకటే. వీధి తలుపు తీసి ఉంటే, ఎదుటి భూమన్న చాయ్ హోటల్ బల్ల మీద కూర్చున్నవాళ్లకు ఆ గూడు నేరుగా కనిపిస్తుంది. పోలీసు జీపు ఆగేది ఆ హోటల్ ముందే.

వజ్రమ్మ నాలుగో తరగతి దాకా చదువుకుంది. పేపర్లో అక్షరాలు కూడబలుక్కోవాలి గానీ ఫోటోలు మాత్రం గడగడా చదివేస్తుంది. ఆమధ్య ఒక ఫోటో చూసింది. బల్ల మీద ఒక డబ్బా, ఎర్రవీ నల్లవీ వైర్లు, వెనకాల చేతులు కట్టుకున్న పోలీసులు, ముందు మొహాలకు గుడ్డలు కట్టి కూర్చోబెట్టిన ఇద్దరు మనుషులు. చేతిలో సంచి ఉంటే పగలు పోలీసులకూ పొద్దుగూకాక అడవిలోంచి వచ్చే అన్నలకూ లోపలేముందో చెప్పుకోవలసిన రోజులవి. ఆ ఫోటోలోని డబ్బాకూ తన గూట్లోని డబ్బాకూ ఆమెకు ఏం తేడా కనిపించలేదు.

పైగా నీల అందులో చేస్తున్నది కరపత్రం. మార్కండేయులు సారు కొత్తగా పెట్టిన ఇంగ్లీషు మీడియం బడికి పిల్లల్ని పంపమనే కరపత్రమే. అయితే మాత్రం? పోలీసులు చూస్తే 'అన్నలవి ఎన్ని కొట్టినవ్' అంటారు, అన్నలు చూస్తే 'మావి కూడా కొట్టు' అంటారు. అందుకని జీపు ఆగగానే బొంత కుక్కడం, జీపు పోగానే లాగేయడం ఆమె ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టిన పని. నీలకు చెబితే తిడుతుంది. డబ్బాను ముట్టుకోనని మొదటి రోజే కూతురి తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది మరి. బొంతతో ముట్టుకుంటే ముట్టుకున్నట్టు కాదని తనకు తనే సర్దిచెప్పుకుంది.

హోటల్లో పోలీసుల చాయ్ ఇంకా అయిపోలేదు. అర్రలోంచి నీల గొంతు వినిపించింది. "మళ్ల పోయింది."

సాంచాల దగ్గర్నుంచి భర్త దేవయ్య భుజాల మీది దూది దులుపుకుంటూ వచ్చాడు. "ఏం పోయింది?"

"కంప్యూటర్, బాపు. నడుసుకుంట నడుసుకుంటనే బందైంది. చేసిందంత మాయమైంది."

"మాట అంటే మాట, బిడ్డా. సారు పని అయ్యేదాక చూస్త. ఐతారం దాక కాకుంటే గా అర్రల రెండు సాంచాలు దింపుత."

"దింపుకో. నేను హైదరాబాద్ పోయి ఎవలన్న ఆఫీసుల టైపు కొట్టుకుంట."

ఆ మాట వినగానే వజ్రమ్మ చేతిలోని కాయ జారి కారంలో పడింది. హైదరాబాద్ అంటే ముందు బస్సు. బస్సు అంటే బోల్తా. బోల్తా పడకపోతే హాస్టల్, హాస్టల్ అంటే నీళ్ల పప్పు, ఆ పప్పులో బల్లి. కూతురు బల్లి పడిన పప్పు తిని కళ్లు తేలేసేదాకా ఆమె ఆలోచన ఆగలేదు. ఆ కంప్యూటర్ ఎట్లాగైనా నడవాలని వేములవాడ రాజన్నకు కోడెను కడతానని అక్కడికక్కడే మొక్కుకుంది. జీపు వెళ్లిపోయిన చప్పుడు కాగానే లేచి బొంత లాగేసింది. అది వెచ్చగా తగిలింది. మే నెలలో వెచ్చగా లేనిదేముంది అనుకుంది.

మర్నాడు కోరుట్ల నుంచి నర్సింగం వచ్చాడు. వజ్రమ్మ తమ్ముడు, టీవీలు బాగుచేస్తాడు. జగిత్యాల నుంచి విడి భాగాలు తెప్పించి కంప్యూటర్‌ను బిగించింది ఆయనే, కాబట్టి మర్యాద కూడా ఆయనదే పోతోంది. చూడగానే తీర్పు చెప్పాడు. "కరెంటు, బావా. నీ సాంచాలు ఒక్కసారి ఎత్తుకున్నయంటే ఓల్టేజి దబ్బున పడుతది. పిల్ల పని చేసేటప్పుడు సాంచాలు బందుపెట్టాలె."

"పిల్ల కంప్యూటర్ కోసం నేను సాంచాలు ఆపాల్నా?"

"పూటకేమైతది, బావా?"

దేవయ్య గొణుక్కుంటూ సాంచాలు ఆపాడు. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో వజ్రమ్మకు జీపు చప్పుడు మలుపు దగ్గర కాదు, చౌరస్తా దగ్గరే వినిపించడం మొదలైంది. బొంత మునుపటికంటే ముందే గూట్లోకి వెళ్లేది. కంప్యూటర్ మునుపటికంటే ముందే ఆగిపోయేది.

నర్సింగం లోపలి పచ్చ ముక్కలన్నీ ఊడదీసి రబ్బరుతో తుడిచి మళ్లీ బిగించాడు. విండోస్ మొత్తం చెరిపేసి కొత్తగా ఎక్కించాడు. స్టెబిలైజర్ తెచ్చి పెట్టాడు. వజ్రమ్మ తన వంతుగా దిష్టి తీసి, డబ్బాకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. చివరికి ఆయన డబ్బాను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి కోరుట్ల తీసుకుపోయాడు. అక్కడ రెండు రోజులు తెరిపి లేకుండా నడిచింది. మళ్లీ తెచ్చి గూట్లో పెట్టాడు. జీపు వచ్చింది. ఆగిపోయింది.

"గీ ఇల్లే దానికి పడుత లేదు. కోరుట్లలనే ఉంచుకో" అన్నాడు దేవయ్య.

నర్సింగం కిటికీలోంచి హోటల్ వైపు చూస్తూ నిలబడ్డాడు. జీపు మీద పొడుగాటి ఏరియల్ గాలికి ఊగుతోంది. ఆయన మొహం మెల్లగా వెలిగింది. "దొరికింది, బావా. వైర్‌లెస్. జీపు మీదికెళ్లి కిరణాలు అస్తయి గదా, గవ్వి నేరుగ మన డబ్బల సొచ్చుతున్నయి. మా కోరుట్ల దుకాణం ముంగట జీపు ఆగదు, గందుకే ఆడ నడిసింది."

కనిపెట్టినవాడు కడుపులో దాచుకోలేడు. ఆ సాయంత్రం నర్సింగం భూమన్న హోటల్లో చాయ్ తాగుతూ విషయం వివరించాడు. ఆయన చెప్పింది: పోలీసు జీపు వస్తే మా నీల కంప్యూటర్ ఆగిపోతోంది. భూమన్న పక్క బల్లకు చెప్పింది: దేవయ్య ఇంట్లో ఉన్న మిషిను పోలీసులు వస్తే గుర్తుపడుతోంది. అది సాంచాల షెడ్లన్నీ తిరిగి తెల్లారేసరికి నల్లా దగ్గర బిందె పట్టుకున్న ఐలవ్వ నోటికి చేరింది.

"ఏమే వజ్రా, మీ ఇంట్ల పోలీసోళ్లు అచ్చేది ముందుగాలనే చెప్పే మిషిన్ ఉన్నదట గదా. నా కొడుకు లైసెన్సు లేకుంట బండి నడుపుతడు, వానికి జరంత చెప్పరాదు."

వజ్రమ్మ బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు. ఇప్పుడు పోలీసులకు తెలిస్తే మిషిను ఎవరికోసం పెట్టారని అడుగుతారు. అన్నలకు తెలిస్తే మిషిను తమకిమ్మని అడుగుతారు. ఆమె మనసులో ఫోటో కదిలింది. బల్ల మీద డబ్బా, దాని పక్కన సాక్ష్యంగా నిమ్మకాయ, మిరపకాయలు, ముందు మొహాలకు గుడ్డలతో తనూ, దేవయ్యా. ఆ గుడ్డ తన పెళ్లినాటి చీరది కాకుండా ఉంటే చాలనుకుంది.

ఆదివారం వచ్చింది. మార్కండేయులు సారు పొద్దున్నే వచ్చి అర్రలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం బస్సుకు ఫ్లాపీ జగిత్యాల ప్రెస్సుకు వెళ్లకపోతే ఆయన బడికి పిల్లలు లేరు. రెండు సాంచాలు ట్రాలీ మీద వచ్చి గుమ్మం ముందు నిలబడి ఉన్నాయి. నీల అడుగడుగునా ఫ్లాపీలోకి ఎక్కిస్తూ పళ్ల బిగువున పని చేస్తోంది. బడి పేరు, బడి గొప్ప, సారు ఫోటో అన్నీ కుదిరాయి. ఇంకా ఫోన్ నంబరే మిగిలింది.

అప్పుడు జీపు వచ్చింది. ఈసారి హోటల్ ముందు కాదు, సాంచాల ట్రాలీ వెనకే ఆగింది. ఎస్సై దిగి తిన్నగా లోపలికి వచ్చాడు.

వజ్రమ్మ బొంత కుక్కింది. చాలదనిపించి దాని మీద చద్దరు కూడా కుక్కింది. వీపు ఆనించి నిలబడింది.

"ఏదో మిషిన్ ఉందట, మేం వస్తే ఆగిపోతుందట. ఎక్కడ?" ఎస్సై అడిగాడు.

నర్సింగం ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "తప్పు మీది గాదు సార్, మీ వైర్‌లెస్‌ది."

"డ్రైవర్, సెట్ ఆపెయ్. జీపు కూడా చౌరస్తా దాకా తీసుకెళ్లు." ఎస్సై నీల వెనక నిలబడి తెర మీదికి వంగాడు. "ఇప్పుడు చెయ్యమ్మా."

జీపు వెళ్లిపోయింది. ఎస్సై మాత్రం ఇంట్లోనే ఉన్నాడు, కాబట్టి బొంత గూట్లోనే ఉంది. నీల ఫోన్ నంబరులో మూడంకెలు కొట్టింది. కంప్యూటర్ ఆగిపోయింది. మార్కండేయులు సారు కళ్లు మూసుకున్నాడు. నర్సింగం తన వైర్‌లెస్ కిరణాలు చౌరస్తా దాకా ఎంత సాగుతాయోనని లెక్కవేస్తున్నట్టు గాలిలోకి చూశాడు.

ఎస్సై ముక్కు ఎగబీల్చాడు. "ఏదో కమురు వాసన. పొయ్యి మీద ఏమైనా పెట్టారా?" అంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగాడు. ఆయన వెనకే అందరూ ఆగారు.

వజ్రమ్మ గూటికి వీపు ఆనించి, బొంతను రెండు చేతులా వెనక్కి అదిమి పట్టుకుని ఉంది. మొహం నిండా చెమట.

"ఏంటమ్మా, ఎండాకాలంలో గోడకు చలి పెట్టిందా?"

ఆమెకు ఇక దాచడం చేతకాలేదు. "నీ కాల్మొక్కుత సారూ. గవ్వి ఉత్త వైర్లే. పేపర్ల ఫోటో చూసిన. మీరు చాయ్ తాగచ్చినప్పుడల్ల కండ్ల పడొద్దని బొంత కప్పుతున్న. మీరు పోంగనే తీస్తున్న. నా బిడ్డకు తెల్వది. బొంత నాది."

నీల వచ్చి తల్లి చేతులు విడిపించి బొంత లాగింది. గూట్లోంచి రొట్టెల పెంకు మీంచి వచ్చే సెగ లాంటిది మొహానికి కొట్టింది. డబ్బాకు కట్టిన మిరపకాయలు బాగా వేగి ఉన్నాయి.

"అమ్మా, గాలాడాలని గదనే ఈడ పెట్టుకున్నది. ఊపిరి ఆడక సస్తుంది అది."

"నాకేం తెలుసు బిడ్డా. దానికి కూడా ఊపిరి కావాల్నా?"

ఎస్సై నవ్వాడు. మొదట కొంచెం, తర్వాత తలుపు పట్టుకుని. నవ్వు ఆగాక తను వచ్చిన పని చెప్పాడు. స్టేషన్‌కు కూడా ఈమధ్యే ఒక కంప్యూటర్ వచ్చింది. అది కూడా రోజూ ఇట్లాగే ఆగిపోతోంది. హోటల్లో వైర్‌లెస్ సంగతి విని, తమదీ అదే రోగమేమో కనుక్కుందామని వచ్చాడు.

"మా రైటర్ మొండయ్య దుమ్ము పడొద్దని దాని మీద తడి తువ్వాల కప్పుతాడు. చల్లగా కూడా ఉంటుందట" అని, నీల వైపు తిరిగాడు. "రేపు ఒకసారి వచ్చి చూస్తావా అమ్మా?"

డబ్బా చల్లారేదాకా ఆగి నీల ఫోన్ నంబరు పూర్తి చేసింది. ఫ్లాపీ జేబులో వేసుకుని మార్కండేయులు సారు బస్టాండుకు పరుగెత్తాడు. దేవయ్య ట్రాలీ వాడితో బేరమాడి సాంచాలు రెండూ వెనక వాకిట్లో రేకుల కింద దింపించాడు. నర్సింగం మాత్రం కోరుట్ల బస్సెక్కేదాకా, వైర్‌లెస్ కూడా కొంత ఉండే ఉంటుందని వాదిస్తూనే ఉన్నాడు. పాడవకుండా మిగిలిన మామిడికాయలతో వజ్రమ్మ ఎట్టకేలకు తొక్కు పెట్టింది. తండ్రీ కూతుళ్లు పోటీపడి వేడివేడి అన్నంలో కలుపుకుని తింటుంటే చూస్తూ కూర్చుంది. స్టేషన్ కంప్యూటర్‌ను నీల బాగుచేయబోతున్న సంగతి అన్నలకు తెలిస్తే ఏమంటారోనన్న కొత్త దిగులు అప్పటికే మొదలైంది, అయినా ఆమె ఇంకో ముద్ద పెట్టింది.

జీపు చప్పుడు వినపడగానే ఆమె ఇప్పటికీ గూటి దగ్గరికే పరుగెత్తుతుంది, కాకపోతే చేతిలో విసనకర్ర ఉంటుంది.