కైలాసం ఇంట్లో బాతు గోల

చొప్పదండిలో కైలాసం ఇంటి పెరట్లో ఒక బాతు ఉంది. పేరు దుబాయి. కైలాసం భార్య మంజుల, దుబాయిలో పనిచేసే తన తమ్ముడు సంపత్ పంపిన డబ్బుతో కొన్నది కాబట్టి ఆ పేరు పెట్టింది. రెండేళ్లుగా ఆ బాతు ఎవరితోనూ బాతాఖానీ పెట్టుకోలేదు. పొద్దున ఒక ‘గ్యాక్’, సాయంత్రం ఒక ‘గ్యాక్’. హాజరు పట్టీలో సంతకం పెట్టినట్టు, అంతే.

అలాంటిది పది రోజులుగా మైకు మింగినట్టు అరుస్తోంది.

“ఎండదెబ్బ,” అని తేల్చేశాడు కైలాసం.

“వానకాలంల ఎండదెబ్బ ఏందయ్యా?”

“గందుకే మరి! ఎండ లేక దెబ్బ తిన్నది.”

పక్కింటి బుచ్చవ్వ గోడ మీదుగా తల పెట్టింది. “గుడ్డుకొచ్చినట్టున్నది బిడ్డా. గుడ్డు పెట్టేముందు గట్లనే ఒర్రుతయి.”

మంజుల గూట్లో గడ్డంతా తిరగేసింది. గుడ్డు లేదు. బాతు గొంతు మాత్రం ఉంది.

అసలు కారణం తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఒక్కడే. ఎండదెబ్బ అన్నవాడే.

ఆయన పేరు కైలాసమే గానీ, ఒంట్లో చక్కెర ఎవరెస్టు. డాక్టరు తీపి మానెయ్యమన్నాడు. మంజుల ఇంకో అడుగు ముందుకేసింది: “తీపి ముట్టినవని నాకు ఎరుకైందో, ఏడాది దాక ఆదివారం మటన్ బంద్!” కైలాసం వారంలో ఆరు రోజులు బతికేదే ఏడో రోజు మటన్ కోసం.

కిందటి నెల సంపత్ సెలవు మీద వచ్చి, తాళ్లతో బిగించిన అట్టపెట్టె విప్పాడు. అందరూ సబ్బులూ తలనొప్పి మందు డబ్బాలూ పంచుకుంటుండగా, ఒక ఖర్జూరం డబ్బా కైలాసం తువ్వాల కిందికి జారింది. అక్కణ్ణుంచి పెరట్లోకి, పగిలిపోయి బోర్లించిన గోలెం కిందికి చేరింది. పశువులకు కుడితి పోసే ఆ గోలేన్ని ఆరేళ్లుగా ఎవరూ కదిలించలేదు.

మొదటి రోజు సాయంత్రం గోలెం ఎత్తగానే పక్కనే ఉన్న బాతు ‘గ్యాక్!’ అంది. కైలాసం గుండె జారి గోలెంలో పడింది. వెంటనే ఆఫీసు అనుభవం ఆదుకుంది.

ఆయన కరీంనగర్లో ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఏ ఆఫీసో చెప్పక్కర్లేదు, మీరు వెళ్లిన ప్రతిచోటా ఆ కుర్చీ ఉంటుంది. ‘నా ఫైలేది?’ అని ఎవరు అరుస్తూ వచ్చినా కూర్చోబెట్టి టీ పోయిస్తాడు, చేతిలో బిస్కెట్ పెడతాడు. “అరిచేటోని నోట్ల ఏదన్న పెట్టాలె. నోరు నిండితే మాట రాదు,” అని రోజూ అన్నం దగ్గర భార్యకు పాఠం కూడా చెప్తాడు.

బాతు నోట్లో అర ఖర్జూరం పెట్టాడు. నిశ్శబ్దం.

మర్నాడు ఆయన గడప దగ్గర ఉండగానే అది అరుపు అందుకుంది. ఒకటి పెట్టాడు. మూడో రోజు చెప్పుల చప్పుడుకే అందుకుంది. రెండు పెట్టాడు. పదో రోజుకు కరీంనగర్ బస్సు మూలమలుపు తిరిగితే చాలు, పెరట్లో బాజా మొదలు. ఆఫీసులో టీ తాగినవాడు కూడా మర్నాడు ఇంకా గట్టిగా అరుస్తూ వస్తాడు. కానీ అప్పటికి కైలాసం లంచ్‌లో ఉంటాడు. పెరట్లో ఆ సౌకర్యం లేదు.

మంజుల పశువుల డాక్టర్ని అడిగింది. ఎప్పుడెప్పుడు అరుస్తుందో రాసిపెట్టమన్నాడాయన. ఆమె క్యాలెండర్లో పెన్సిల్ గీతలు పెట్టింది. ఈలోగా కైలాసం ట్రైనింగ్ అని రెండు రోజులు కరీంనగర్లోనే ఉండి వచ్చాడు.

“నువ్వు లేని రెండ్రోజులు దుబాయి సప్పుడే చెయ్యలే,” అంది మంజుల క్యాలెండర్ చూపిస్తూ.

“పాపం, నా మీద బెంగ పెట్టుకున్నది.”

“బెంగైతే నువ్వు లేనప్పుడు ఒర్రాలె. ఇంటికొచ్చినంక ఒర్రుడేంది?”

“నువ్వు గూడ గంతే కదనే!”

నోరు జారాడు. ఆ రాత్రి చారులో ఉప్పు లేదు.

క్యాలెండర్ గీతలన్నీ తన బస్సు టైముకే పడుతున్నాయని కైలాసం గమనించాడు. సాక్షిని లేకుండా చేయడం ఒక్కటే దారి. “గీ పరేషాన్ మనకెందుకు? ఈ ఆదివారం మటన్ వద్దు. దీన్నే కోసుకుందాం.”

మంజుల ఆయన మొహం వంక చూసింది. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఈ మనిషి నోట ‘మటన్ వద్దు’ అన్న మాట వినడం ఇదే మొదలు.

“సరే. నువ్వే పట్టు,” అంది, చక్కెర కంటే తియ్యగా.

ఆదివారం, ఇంకా సెలవులోనే ఉన్న సంపత్ మటన్ కవరుతోనే దిగాడు, అక్క ఫోన్ చేసి తెమ్మన్నదట. బుచ్చవ్వ వాళ్ల పెరట్లోకే వచ్చి గోడ దగ్గర పీట వేసుకుంది. కైలాసం గంప పట్టుకుని బాతు మీదికి వెళ్లాడు.

బాతు పారిపోలేదు. అన్నదాత వస్తుంటే ఎందుకు పారిపోతుంది? ముందు నడిచి, గోలెం దగ్గర ఆగి, ముక్కుతో టక్‌టక్‌మని కొట్టి, ఆయన వైపు తిరిగి నోరు తెరిచింది.

“గ్యాక్!”

“బావా, గోలెం కింద ఏమున్నదే?” అన్నాడు సంపత్.

“పాము! ఎవ్వలు ముట్టకుండ్రి!”

పాము అనగానే అందరూ వెనక్కి జరుగుతారనుకున్నాడు. బుచ్చవ్వ కర్ర పట్టుకుని ముందుకొచ్చింది. ఒక్క తోపు. గోలెం దొర్లింది.

డబ్బాలో మూడు ఖర్జూరాలు, నలభై గింజలు. చెత్తబుట్టలో వేస్తే మంజుల కంటపడతాయని ఒక్క గింజా పారేయకుండా దాచాడు. పాత కాగితం పారేయని చెయ్యి మరి.

“అది... బాతు కోసమే దాచిన!”

“ఔనా? మరి దాని నోట్ల పండ్లు లేకపాయె. గింజలు గింత సాఫ్‌గ ఎవలు చీకిండ్లు?”

బుచ్చవ్వ మళ్లీ పీట మీద కూలబడి నవ్విన నవ్వుకు పీట విరిగింది.

మధ్యాహ్నం మటన్ వాసన వీధి దాకా వెళ్లింది. సంపత్ రెండోసారి వడ్డించుకున్నాడు, బుచ్చవ్వ మూలుగ బొక్క జుర్రింది. కైలాసం పళ్లెంలో జొన్న గట్క, పక్కన కాకరకాయ వేపుడు. మిగిలిన మూడు ఖర్జూరాలు మంజుల కొంగు ముడిలో ఉన్నాయి. అవి దుబాయి జీతం. కైలాసం వంటింటి వైపు నడిస్తే అరవడం ఇక దాని డ్యూటీ.

“గిదేం అన్యాయమే! ఇరవై తొమ్మిదేండ్లు నౌకరి చేసిన మనిషిని బాతుతోని కాపలా కాయిస్తవా?” ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు కైలాసం.

మంజుల తాపీగా వచ్చి, ఒక పెద్ద కాకరకాయ ముక్క తీసి ఆయన తెరిచిన నోట్లో పెట్టింది.

“అరిచేటోని నోట్ల ఏదన్న పెట్టాలె. నువ్వే చెప్తివి గద!”

నోరు నిండింది. మాట రాలేదు.

పెరట్లోంచి దుబాయి తొంగిచూసి, ఒకే ఒక్కసారి ‘గ్యాక్’ అంది. హాజరు వేసుకుంది.