పన్నెండు దాటాక పంపుతాను

ఆ శుక్రవారం పొద్దున శశికాంత్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. కొత్త ఆసుపత్రి భవనంలో చల్లగాలి తిరిగే రేకు డక్టులను అతనే కంప్యూటర్లో గీశాడు. ఆ మోడల్‌ను రేకు కోసే షాపుకి పంపాలి, కానీ రాహుకాలం వెళ్లాకే పంపాలి. అతని జెర్సీ సిటీ ఆఫీసులో నిరుటిదాకా గీతల్లో తప్పులుంటే షాపువాళ్లే సర్దుకునేవారు. 2013 వచ్చేసరికి ఆ సుఖం పోయింది. మోడల్లో ఎలా ఉంటే మెషీన్ రేకును అలాగే కోసేస్తుంది. పైగా అతని హెచ్‌1బి వీసా పొడిగింపు కాగితాలు మేనేజర్ డెన్నిస్ బల్ల మీద సంతకం కోసం పడి ఉన్నాయి. ఇలాంటి రోజున రాహువుతో పెట్టుకోవడం దేనికి? అందుకే ఇంట్లో గోడమీది క్యాలెండర్ చూసి మరీ బయల్దేరాడు. పదిన్నర నుంచి పన్నెండు.

మోడల్ పూర్తయ్యేసరికి పదిన్నర దాటనే దాటింది. డెన్నిస్ వచ్చి నిలబడ్డాడు.

"అయిపోయిందిగా శశీ, పంపించెయ్. షాప్‌లో మెషీన్ ఖాళీగా ఉంది."

"పన్నెండు దాటాక పంపుతాను."

"ఎందుకు?"

డెన్నిస్‌కి రాహువును పరిచయం చేయడం కంటే అబద్ధమాడటం తేలిక. "సెకండ్ ఫ్లోర్‌లో డక్ట్ బీమ్‌కి తగులుతుందేమోనని చిన్న డౌట్. చెక్ చేస్తున్నా."

డెన్నిస్ నోట్లో పడేసరికి ఆ డౌట్ కాస్తా ఖాయమైపోయింది. అతను స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి ఫోన్ చేసి "మీ బీమ్ మా డక్ట్‌కి అడ్డం" అన్నాడు. ఆ ఇంజనీర్‌కి రోషం వచ్చి ఆర్కిటెక్ట్‌ను లాగాడు. ఆవిడ కంగారుపడి సైట్‌లో సీలింగ్ పని ఆపించింది. అది విని షాపు ఫోర్‌మన్ మెషీన్ కట్టేసి అందరినీ లంచ్‌కి పంపేశాడు. కాసేపటికల్లా అందరూ ఒకే కాన్ఫరెన్స్ కాల్‌లో ఉన్నారు.

"శశీ, స్క్రీన్ షేర్ చేయి. ఎక్కడ తగులుతోందో చూపించు," అన్నాడు డెన్నిస్.

శశికాంత్ స్క్రీన్ షేర్ చేశాడు. లేనిదాన్ని ఎక్కడని చూపిస్తాడు? సంతకం మాట దేవుడెరుగు, ఉద్యోగమే ఊడేలా ఉంది. తోచినట్టు తిప్పిన మౌస్ సెకండ్ ఫ్లోర్‌లో ఆపరేషన్ థియేటర్ బయటి కారిడార్ మీద ఆగింది.

"ఇక్కడ," అన్నాడు.

స్ట్రక్చరల్ ఇంజనీర్ తన డ్రాయింగులు తెరిచి చూసుకున్నాడు.

"నిజమే. ఆ బీమ్ లోతు పోయినవారం పెంచాం. మీకు చెప్పడం మర్చిపోయాం."

మోడల్ అప్పుడే వెళ్లి ఉంటే ఆ డక్టులన్నీ చెత్తకుప్పకే. డెన్నిస్ నేరుగా తన బల్ల దగ్గరికి వెళ్లి కాగితాల మీద సంతకం పెట్టేశాడు. వెంటనే ఆఫీసుకొక కొత్త రూల్ కూడా పెట్టాడు. ఇకమీదట ఏ మోడలైనా శశి చూశాక, శుక్రవారం పన్నెండు దాటాకే కదలాలి. శశికాంత్ డక్టును బీమ్ పక్కగా తిప్పి, పన్నెండు దాటగానే నిశ్చింతగా పంపాడు.

సాయంత్రం భార్య త్రివేణికి ఇదంతా గొప్పగా చెప్పుకున్నాడు. ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

"ఆ గోడమీది క్యాలెండర్ చూసి వెళ్లావా? అది హైదరాబాద్ టైమింగ్. ఇక్కడ సన్‌రైజ్ వేరు, పైగా డేలైట్ సేవింగ్ ఒకటి. ఇవాళ మనకి రాహుకాలం పదకొండు నుంచి ఒంటిగంట."

శశికాంత్ ఈ సంగతి డెన్నిస్‌కి చెప్పలేదు. ఆ ఆఫీసు నుంచి వేసవి పొడుగునా, ప్రతి శుక్రవారం, సరిగ్గా రాహుకాలం నడిమధ్యన, మోడళ్లు క్షేమంగా షాపుకి చేరుతున్నాయి.