మొలతాడు లేని తూటా

దసరా ముందు రోజు పొద్దున కాటమయ్య వేసుకున్న లెక్క చాలా చిన్నది. పగలు ఇద్దరు షూటర్లకు మక్క చేను చూపించాలి. పొద్దుగూకే వేళకు వాళ్లను మంచె ఎక్కించాలి. వాళ్లు నాలుగు అడవి పందులను కొడితే మిగిలిన మంద అడవి వైపు గట్టు దాటిపోతుంది. పాలు పోసుకుంటున్న కంకులు గట్టిపడేదాకా చేను నిలుస్తుంది. చేను నిలిస్తే ఆలుమగలు ఊళ్లో ఉంటారు. లేకపోతే నిరుటిలాగే హైదరాబాదుకు పోయి కట్టే ఇళ్లకు ఇటుకలు మోయాలి. "ఇంకోసారి గా మెట్లెక్కితే నేను మళ్ల దిగ" అని భార్య బిక్షమ్మ అప్పుడే చెప్పింది. ఆమె మోకాళ్లు కూడా అదే మాట చెబుతున్నాయి.

అచ్చంపేట అవతల అడవి అంచున ఉన్న ఊరు అది. పందులను కొట్టడానికి పంచాయతీ తీర్మానం, ఫారెస్టు అనుమతి వచ్చేసరికి వానలు వెనకపట్టాయి. వచ్చిన అనుమతి గడువు కూడా ఆ రాత్రితో తీరిపోతుంది. అందుకే పండుగ అని చూడకుండా షూటర్లను పిలిపించాడు.

వచ్చినవాళ్లలో పెద్దాయన దశరథం, నల్గొండలో లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాడు. చిన్నవాడు కృష్ణకాంత్, మహబూబ్‌నగర్‌లో బట్టల దుకాణం నడుపుతాడు. ఇద్దరివీ మాగ్నమ్ రైఫిళ్లే. పెద్దాయనది పాతరకం తూటా, చిన్నవాడిది కొత్తరకం. ఏది గొప్పది అన్న వాదం కల్వకుర్తిలో చాయ్ దగ్గర మొదలై, జీపు దిగినా ఆగలేదు. రైఫిళ్లు జీపులో పెట్టి తాళం వేశారు కానీ, వాదం కోసం తూటాలను మాత్రం కాటమయ్య వాకిట్లో మంచం మీద పేర్చారు. ఇటు ఆరు, అటు ఆరు.

"ఇది సూడు సార్," అన్నాడు కృష్ణకాంత్. "గుండు పొడుగు, ముక్కు సన్నం. వెయ్యి మీటర్ల దూరంల గూడ గాలిని కోసుకుంట పోతది. మీదాన్ని గంత దూరంల గాలే ఎత్తుకపోతది."

"అరే, అరవై ఏండ్ల సంది లోకమంతా దీంతోనే వేటాడుతున్నది. ఏ దేశంల అడిగినా దొరుకుతది. నీది కావాల్నంటే ఓడ ఎప్పుడొస్తదా అని ఎదురు సూడాలె." దశరథం తన తూటాను తిరగేసి, అడుగున చుట్టూ ఉన్న ఇత్తడి పట్టీని చూపించాడు. "ఇగో, నాదానికి మొలతాడున్నది. మొలతాడు లేకుంట తిరిగేదాన్ని తూటా అంటరా?"

"మొలతాడు పాతకాలపు ముచ్చట సార్. అది లేకుంటనే నాది గొట్టంల సీదా కూసుంటది."

కాటమయ్య చేతులు కట్టుకుని విన్నాడు. "సారూ, పంది మంచె కింద ఇరవై బారలకొస్తది. గా దూరంల ఏది మంచిదంటరు?"

"గా దూరంలనా? రెండూ ఒకటే," అన్నాడు దశరథం, అది అడగాల్సిన ప్రశ్నే కాదన్నట్టు. కృష్ణకాంత్ కూడా తల ఊపి, చేనుకు గట్టు ఎన్ని మీటర్లో కొలిచే దూరదర్శిని బయటికి తీశాడు. ముగ్గురూ చేనుకు బయలుదేరారు. తూటాలు మంచం మీదే ఉన్నాయి.

బిక్షమ్మ అప్పుడు చింతపండు పులుసుతో పండుగకు ఇత్తడి సామాను తోముతోంది. మంచం మీద చూస్తే అవీ ఇత్తడివే. అందులో సగం మసిబారి ఉన్నాయి. దసరాకు కొడవలికీ గొడ్డలికీ బొట్టు పెడతారు కదా, వీటికి పెట్టకపోతే ఎట్లా? పైగా ఆమె మనసులో ఒక శంక ఉంది. పంది అంటే వరాహమూర్తి రూపం. కొట్టక తప్పదు, నిజమే. కానీ కొట్టే ఆయుధాన్ని దేవుడికి ఒక మాట చెప్పకుండా వాడితే ఆ తప్పు ఎవరి మీద పడుతుంది? అన్నీ గంగాళంలో వేసి తోమింది. తుడిచి, కుంకుమ బొట్లు పెట్టి, చాటలో పోసి మిద్దె మీద ఆరబెట్టింది. పక్కన కుంకుమ బరిణె, ఉద్ధరిణి, సత్తుపిండికని ఎండబోసిన పల్లీలు ఉన్నాయి. తర్వాత సాయంత్రం బతుకమ్మకు గునుగు, తంగేడు పూలు తేవడానికి ఆడవాళ్లతో కలిసి గట్టు అవతలికి పోయింది.

మధ్యాహ్నం తిరిగొచ్చిన షూటర్లకు మంచం ఖాళీగా కనిపించింది. వెతకగా వెతకగా మిద్దె మీద, ఒక్కోదానికి ఒక్కో బొట్టుతో, పెళ్లికి సిద్ధమైనట్టు తూటాలు మెరుస్తున్నాయి.

"చింతపండు సార్! మొత్తం చింతపండు వాసన!" కృష్ణకాంత్ తల పట్టుకున్నాడు. "లోపల మందు తడిసిందో ఏమో!"

"నీదాంట్లకు పోయిందేమో. నాది మొలతాడు గట్టిగ కట్టుకున్నది," అన్నాడు దశరథం.

ఆ మాట పూర్తయ్యేలోపే పల్లీల కోసం కోతుల గుంపు మిద్దె మీదికి దూకింది. చాట బోర్లపడింది. కాటమయ్య రాయి విసిరాడు. రెండు కోతుల చేతుల్లో ఇత్తడి తళుక్కుమంది. అవి కొట్టం మీదుగా దూకి నేరుగా మక్క చేనులోకి పోయాయి. ఏరి లెక్కపెడితే పది తూటాలే ఉన్నాయి. పాతది ఒకటి, కొత్తది ఒకటి లేవు.

"ఎవ్వలకు చెప్పకు. జర నెత్తి పనిచెయ్యనీ," అన్నాడు దశరథం.

"చెప్పకుంటె లైసెన్సు పోతది సార్. నేను అప్పుడే ఠాణాకు ఫోన్ జేసిన."

ఎస్సై నిరోష నలుగురు కానిస్టేబుళ్లతో వచ్చింది. సంగతి విని చేను వైపు చూసింది. "అడివి పక్కన ఊరు. రెండు తూటాలు పోయినయంటే పైనోళ్లు నన్ను నిద్రపోనిస్తరా? పొద్దు మునిగేలోపల దొరకాలె."

కానిస్టేబుళ్లు చేనులో దిగారు. మక్క మనిషిని మించి పెరిగింది. ఆకులు ముఖాలు గీశాయి. తూటాల మాట అటుంచి, ఒకరికొకరు కనిపించక వాళ్లలో వాళ్లే కేకలు వేసుకున్నారు. ఎస్సై చేను అంచున నిలబడి అంది: "ఒక మూల కొయ్యండ్రి."

"అమ్మా, నీ కాల్మొక్త," కాటమయ్య ఆమె ముందు కూలబడ్డాడు. "కంకి ఇంకా పాలమీదున్నది. ఇప్పుడు కోస్తే గడ్డే మిగుల్తది."

"మా నాయినది గూడ ఎవుసమే, కాటమయ్యా. ఒక్క మూలనే. ఆడ్నే దొరుకుతయి."

డప్పు కొట్టించారు. పండుగకు పనుల్లేక ఖాళీగా ఉన్న ఊరంతా కొడవళ్లతో వచ్చింది. ఒక మూల కోశాక కుంకుమ బరిణె దొరికింది. కోతి చేతిలో మెరిసింది ఇదేనేమో అని ఎవరికీ తోచలేదు. "సరైన దారిలనే ఉన్నం, ఇంకా కొయ్యండ్రి," అంది ఎస్సై. ఇంకో వైపు చివర ఉద్ధరిణి దొరికింది. అంటే తూటాలు ఈ రెండింటి మధ్యే ఎక్కడో ఉండాలి. ఈ రెండింటి మధ్య ఉన్నది చేను మొత్తం.

షూటర్లు చేను అంచు నుంచి సాయం చేశారు. "మీది పొట్టిది సార్, కోతి ఇసిరితే దూరం పోతది," అన్నాడు కృష్ణకాంత్. "నీది పొడుగున్నది గద, పడ్డకాడనే కూలబడ్తది. మంచె కింద సూడుమను," అన్నాడు దశరథం. మంచె కింద చూశారు. చూడటానికి అడ్డంగా ఉందని మంచె కూడా పీకేశారు.

పొద్దు వాలుతుండగా పూల గంప నెత్తిన పెట్టుకుని బిక్షమ్మ వచ్చింది. చేను ఉండాల్సిన చోట గట్టు దాకా ఆకాశం కనిపించింది. గంప దించకుండానే అడిగింది: "గిదేంది? పగటీలే పందులు పడ్డయా?"

"పోలీసులు పడ్డరు," అన్నాడు కాటమయ్య.

"ఏం దేవులాడుతున్నరు?"

"రెండు తూటాలు. కోతులెత్తుకపోయినయి."

"రెండా?" బిక్షమ్మ అందరి ముఖాలూ చూసింది. "అవి దేవునర్రల ఉన్నయి గద. పూజకని పీట మీద పెట్టిన. ఏ సారు మనసూ నొవ్వొద్దని ఒక్కో తీరుది ఒక్కోటి."

కొడవళ్లు ఆగాయి. ఎస్సై స్వయంగా లోపలికి పోయి, చెప్పులు విడిచి, పీట మీది తూటాలను తీసుకుని, మిగిలిన పదితో కలిపి పన్నెండూ లెక్కపెట్టింది. "ఫికర్ చెయ్యకు కాటమయ్యా, నీ మీద కేసేం లేదు," అని చెప్పి జీపెక్కింది. కోసినవాళ్లు ఒళ్లో పట్టినన్ని పాలకంకులు వేసుకుని ఇళ్లకు పోయారు.

"మరి పందులు, సారూ?" అన్నాడు కాటమయ్య.

కృష్ణకాంత్ దూరదర్శిని కళ్లకు పెట్టుకున్నాడు. "ఇప్పుడు గట్టు దాకా ఏం అడ్డం లేదు సార్. ఏ తూటా గొప్పదో తేల్చనీకి గింత మంచి జాగా దొరకది."

"జాగా మంచిదే," అన్నాడు దశరథం. "కానీ చింతపండుల నానినయి. గొట్టంల పెట్టొద్దు."

"పెట్టొద్దు సార్." రోజంతటిలో ఇద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు. చీకటి పడకముందే వెళ్లిపోయారు.

తెల్లవారేసరికి నేల మీద మిగిలిన కంకులను పందులు తీరుబడిగా తినిపోయాయి. బిక్షమ్మ దేవుడికి దీపం పెట్టి కాసేపు అట్లాగే నిలబడింది. "నీ పందుల్ని నువ్వు కాపాడుకున్నవు సామీ, మంచిదే. మమ్ముల గూడ జర సూసేదుండె," అంది.

సాయంత్రం ఊరంతా జమ్మి ఆకు పంచుకుంటూ, అలయ్ బలయ్ అని కౌగిలించుకుంటూ "చేనెట్లున్నది?" అని అడుగుతుంది. ఆ మాట వినకూడదని ఆలుమగలిద్దరూ పొద్దున్నే మూట కట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. పండుగనాడు హైదరాబాదు వైపు పోయేవాళ్లెవరూ ఉండరు కనుక, ఇద్దరికీ బస్సులో కిటికీ పక్కనే సీటు దొరికింది.