కోయివు పోయి హాపా వచ్చింది

ఒకే పని చేసే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లను పుట్టించడమే మానవజాతి సాధించిన విజయాలన్నిటిలోకీ గొప్పదని టాంపెరే నగరంలోని ఒక అపార్ట్‌మెంటు సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. కోయివు, హాపా అనే ఆ రెండూ ఒకే తల్లి బిడ్డలు. వాటిని రాసినవాళ్లు ఒకప్పుడు ఒకే బల్ల దగ్గర కాఫీ తాగేవారు. తర్వాత మాటల్లేవు. (కారణం వాళ్లకూ గుర్తులేదు. పట్టుదల మాత్రం అలాగే ఉంది.)

తేడా ఒక్కటే. కోయివు ఏ పనికైనా ముందు అనుమతి అడుగుతుంది. హాపా పని కానిచ్చేసి, అభ్యంతరముంటే చెప్పమంటుంది. ఈ పురోగతి కోసమే, కింది అంతస్తులోని ఆవిరిస్నానం గదికి వంతులు చూసే కంప్యూటరును సంఘం కోయివు నుంచి హాపాకు మార్చింది.

ఆ మార్పులో మూడో అంతస్తు ఆస్కో గల్లంతయ్యాడు.

శుక్రవారం సాయంత్రం వంతు పెళ్లయినప్పటి నుంచి అతనిదీ, భార్య ఇర్మెలిదీ. కోయివు అడిగేవాటికి ఇర్మెలే జవాబిచ్చేది. ఆస్కో తువ్వాళ్లు మోసేవాడు. నిరుడు ఆమె పోయింది. ఖాతా తీసేయడానికి కోయివు ఆమెనే అనుమతి అడిగి, జవాబు కోసం మర్యాదగా ఎదురుచూస్తూ ఉండిపోయింది. అందాకా తలుపు తెరుచుకుంటూనే ఉంది. హాపా వస్తూనే తేల్చేసింది: ఇర్మెలి సభ్యురాలు. ఆస్కో ఎన్నడూ మీట నొక్కలేదు గనుక, లేడు. లేనివాళ్లకు తలుపు తెరుచుకోదు.

వంతుల పర్యవేక్షకురాలు పిర్కో సానుభూతిగా తెర వంక చూసింది.

“మీరు లేరండీ ఆస్కో గారూ. నేనేం చెయ్యను?”

“మరి మీ ఎదురుగా కూర్చున్నదెవరు?”

“నాకు కనిపిస్తే సరిపోతుందా, దానికి కనిపించాలిగా. ఇర్మెలి గారి అతిథిగా దరఖాస్తు పెట్టండి. ఆవిడ ఒప్పుకుంటే చాలు.”

“ఆవిడ మట్టిలో ఉంది, పిర్కో.”

“తెలుసండీ, నేనూ వచ్చాగా ఆరోజు. కోయివైతే ఆవిడ ఊఁ అనేదాకా కూర్చునేది. ఇది అలా కాదు. వారంలో కాదనకపోతే ఒప్పుకున్నట్టే.”

ఆస్కో దరఖాస్తు పెట్టాడు. ఆ వారం పిర్కో భర్త తన వంతులో అతనికి పక్కన చోటిచ్చాడు. ఆవిరి కోసం నీళ్లు పోసే గరిటె కూడా అతని చేతికే ఇచ్చాడు. అది ఇంకా పెద్ద దయ.

వారం తిరిగేసరికి సందేశం వచ్చింది: “మీ రాకకు ఇర్మెలి ఏ అభ్యంతరమూ చెప్పలేదు.”

వేడి రాళ్ల మీద అతను పోసిన ప్రతి గరిటెడు నీళ్లకూ అభ్యంతరం చెప్పిన మనిషి ఇర్మెలి. ఇది సిస్టమ్ పొరపాటేనని ఆస్కోకు తెలుసు. అయినా ఫిర్యాదు చేయకుండా, తువ్వాలు తీసుకుని కిందికి దిగాడు.