ఎంటర్ కొడితే పోతది

ఆ ఆదివారం పొద్దున బ్రహ్మచారి పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. అక్కను భోజనానికి పిలవాలి. ఆమె వచ్చి తిని, నవ్వుతూ వెళ్లాలి. పేరు బ్రహ్మచారే గానీ అతను మెట్టుగూడలో భార్యతో కాపురముంటూ రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకునే నిఖార్సయిన సంసారి. రెండేళ్ల కిందట గృహప్రవేశం నాడు, అక్క స్వర్ణలత చేసిన పచ్చిపులుసును చుట్టాలందరి ముందూ ఉప్పు కషాయమన్నాడు. అది ఉప్పు కషాయమే, అందులో సందేహం లేదు. కానీ నిజం చెప్పడానికీ వేళాపాళా ఉంటుంది కదా! ఆ రోజు విస్తరి ముందు నుంచి లేచి కార్ఖానా పేటలోని తన ఇంటికి వెళ్లిపోయిన ఆవిడ మళ్లీ తమ్ముడితో మాట్లాడలేదు. తల్లి పోయాక తనను ఎత్తుకుని పెంచిన అక్క మాట్లాడకపోతే అతనికి పండగ పూట కూడా ముద్ద దిగేది కాదు.

ఫోన్ చేస్తే ఎత్తదేమోనని భయం, మెసేజ్ పెడితే చదువుతుందేమోనని ఆశ. తీరా అతని ఫోన్ బకెట్లో పడి రిపేరుకు వెళ్లింది. ఆ సంగతి చెప్పగానే భార్య వసుధ ముఖం వెలిగిపోయింది. ఆమె బేగంపేటలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. అందరి ఫోన్లలా కాకుండా, కంప్యూటర్లలో ఉండే లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఫోన్ ఒకటి ఆమె చేతికొచ్చింది. కంప్యూటర్ కోసం చేసిన మెసేజీల యాప్‌ను ఆ చిన్న తెరకు సరిపడేలా మార్చడం ఇప్పుడు ఆమె పని. పెద్దవాడి చొక్కాను పిల్లవాడికి కత్తిరించి కుట్టడం లాంటిదన్నమాట. కత్తిరింపు అయింది, కుట్టు మిగిలింది.

"వాడి చూసేటోళ్లు దొరుకుతలేరు నాకు. అన్నీ తెలిసినోళ్లు వాడితే తప్పులు బయటపడవ్. ఏం తెల్వనోళ్లు కావాలె. నువ్వయితే కరెక్టుగ సరిపోతవ్," అంది వసుధ.

అది పొగడ్తో కాదో తేల్చుకోకుండానే బ్రహ్మచారి చెయ్యి చాచాడు.

"మరి ఎట్ల పంపాలె?"

"ఎంటర్ కొడితే పోతది," అని ఆమె ల్యాప్‌టాప్ పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

పోతుందని ఆమె అన్నది మెసేజ్ గురించి. కింది లైనుకు పోతుందని అతను అర్థం చేసుకున్నాడు. అతని పాత ఫోన్లో అలాగే పోయేది మరి.

బ్రహ్మచారి రాయడం మొదలుపెట్టాడు. నాలుగైదు మాటలకే అక్షరాలు కుడి అంచు దాటి మాయమవుతున్నాయి. అందుకని అంచు రాగానే ఎంటర్ కొట్టాడు. రాసింది పైకి ఎగిరింది. పై లైనులో సర్దుకుందనుకుని మిగతాది రాశాడు. అతను రాసింది ఇది: "అక్కా, నువ్వు మా ఇంటికి రావొద్దు అని నేను ఎన్నడన్న అన్ననా?" స్వర్ణలతకు చేరింది ఇది: "అక్కా, నువ్వు మా ఇంటికి రావొద్దు." తెలుగులో ఔనో కాదో చివరి మాట దాకా తేలదు. ఆ చివరి మాటలు ఇంకా రాసే పెట్టెలోనే ఉన్నాయి.

పంపే బటన్ కోసం వెతికాడు. అది తెర అవతల ఎక్కడో ఉండిపోయింది.

"వసుధా, పోయిందా ఇది?"

"ఎంటర్ కొట్టినవా?"

"కొట్టిన."

"అయితే పోయినట్టే!"

నమ్మకంగా యాప్ మూసేశాడు. దాంతోపాటు మిగిలిన సగం కూడా తుడిచిపెట్టుకుపోయింది.

కాసేపటికి జవాబొచ్చింది. "సంతోషం తమ్మీ! నీ ఇంటికొస్తే నా పేరు స్వర్ణలతే కాదు," అని ఆవిడ రాసింది. తెర మీద పట్టింది మాత్రం "సంతోషం తమ్మీ! నీ ఇంటికొస్తే" వరకే. ఇంటికొస్తే ఏం పెడతావని అడుగుతోందనుకుని బ్రహ్మచారి పొంగిపోయాడు. వెంటనే రాశాడు: "మా ఇంట్ల తినేటందుకు ఏం ఉండదు అని ఫికర్ చెయ్యకు, మటన్ తెస్తున్న." అందులోనూ 'ఏం ఉండదు' దాకే కార్ఖానా చేరింది.

ఆవిడ ఈసారి "పచ్చిపులుసు గురించి ఆనాడు అన్నది చాలదారా?" అని కడిగేసింది. ఇక్కడ "పచ్చిపులుసు గురించి ఆనాడు అన్నది" అని కనబడింది. అక్క తనంతట తానే ఆ మాటెత్తిందని అతనికి కళ్లు చెమర్చాయి. క్షమాపణ అడగడానికి ఇంతకన్నా మంచి సమయం రాదనుకుని రాశాడు: "నీ పచ్చిపులుసు ఉప్పు కషాయం అని నోరు జారిన, మాఫ్ చెయ్యి." 'కషాయం' దగ్గర అంచు వచ్చింది, ఎంటర్ పడింది.

ఈసారి వచ్చిన జవాబు పొట్టిది కావడంతో తెర మీద పూర్తిగా పట్టింది. "వస్తున్న, ఉండు."

"అక్క వస్తుందే వసుధా!" అని గంతేసి బ్రహ్మచారి మటన్ కోసం పరుగెత్తాడు.

కూర ఉడికి దించే వేళకు తలుపు దబదబా మోగింది. గరిటెతోనే వెళ్లి తీశాడు. ఎదురుగా స్వర్ణలత, చెమటలు కక్కుతూ, చేతిలో ఫోన్ ఎత్తిపట్టి నిలబడింది.

"రా అక్కా, రా!"

"రావొద్దంటివి గదరా, అందుకే వచ్చిన! తినేటందుకు ఏం ఉండదంటివి, మరి ఈ మటన్ వాసనేంది? రెండేండ్లయినంక మళ్ల యాద్ జేసి నా పచ్చిపులుసును తిడతవా?"

"నేను గట్ల రాయలే అక్కా!"

"మరి మీ ఇంట్ల దయ్యం రాసిందా?"

అరుపులకు వసుధ బయటికొచ్చి, ఆడబిడ్డ చేతిలో ఫోన్ తీసుకుని చూసింది. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే భర్త వైపు తిరిగింది.

"ఎంటర్ ఎక్కడ కొట్టినవ్ నువ్వు?"

"అంచు వచ్చిన కాడ."

"అది మెసేజ్ పంపేటందుకు!"

"పోతది అంటివి. ఎటు పోతదో చెప్పినవా?"

ఇక దాచుకోవడానికేం లేక, బ్రహ్మచారి గరిటె పట్టుకునే ఒక్కో మెసేజ్‌కు మిగిలిన సగం అప్పజెప్పాడు. మూడోదానికి గరిటె కింద పెట్టేశాడు. "నోరు జారిన, మాఫ్ చెయ్యి అని రాసిన అక్కా. రాసిన. పోలే."

స్వర్ణలత కుర్చీలో కూలబడింది. కోపం ఎటు పోయిందో ఆవిడకే తెలియలేదు.

"మంచిగ పిలిస్తే అసలే రాకపోయేదాన్నిరా," అంది చివరికి. "నువ్వు పిలిస్తే మోకాళ్లు నొస్తున్నయని చెప్పి నిన్ను జెర ఏడిపియ్యాలని రెండేండ్ల సంది అనుకుంటున్న. పిలిస్తివా? ఇయ్యాల ఆ కోపంతోని లిఫ్ట్ నడవకున్న మూడంతస్తులు ఎక్కిన, చూడు."

ముగ్గురూ కూర్చుని తిన్నారు. మటన్‌లో ఉప్పు ఎక్కువైందని స్వర్ణలత రెండుసార్లు అంది. బ్రహ్మచారి రెండుసార్లూ ఔనన్నాడు.

వారం తిరిగేసరికి వసుధ యాప్‌లో లోపాలన్నీ సరిచేసింది. లైన్లు తెరలోనే మడతపడ్డాయి, పంపే బటన్ కంటికి కనబడింది, ఎంటర్ బుద్ధిగా కింది లైనుకు పోయింది. బ్రహ్మచారి ఆప్యాయంగా రాసిన పిలుపు ఒక్క అక్షరం తెగకుండా కార్ఖానా చేరింది. స్వర్ణలత జవాబు కూడా అంతే పూర్తిగా వచ్చింది: "మోకాళ్లు నొస్తున్నయ్ తమ్మీ, రాలేను."