నొక్కుడు గుండీలు

గల్లీకో కంప్యూటర్ క్లాసు పుట్టుకొస్తున్న రోజులవి. ఆ ఆదివారం పొద్దున హేమలత వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంత ఉప్మా తిని, మహారాష్ట్రలోని చంద్రపూర్ బస్టాండు పక్కనున్న క్లాసుకు వెళ్లి, తన కాలిక్యులేటర్‌కు బుద్ధి చెప్పడం. విజువల్ బేసిక్‌లో తయారుచేసిన ఆ కాలిక్యులేటర్ తెరమీద ముచ్చటగానే ఉంది గానీ, ఏడులోంచి మూడు తీసెయ్యమంటే పది అంటోంది. సోమవారం క్లాసు నడిపే దేశ్‌కర్ సర్ అందరి ప్రోగ్రాములూ చూస్తాడు. ఎవరిది నచ్చితే వాళ్లను కొత్త బ్యాచ్‌కు పాఠాలు చెప్పడానికి పెట్టుకుంటాడు. ఆ పని రాకపోతే కంప్యూటర్ మాట మరిచిపోయి టీచరు చదువు డీఎడ్‌లో చేరాలని తండ్రి ఖరాఖండిగా చెప్పేశాడు. హేమలత ప్రాణమంతా ఆ పని మీదే ఉంది.

జడ వేసుకుంటుండగా వాకిట్లో పోచన్న దిగాడు. పెళ్లిళ్లకు బ్యాండు వాయించే మేళానికి పెద్దాయన. నెత్తిమీద మేళంవాళ్లు తొడుక్కునే కోట్ల మూట.

"బిడ్డా, మాపటికి బల్లార్‌పూర్‌ల బరాత్ ఉంది. అన్నిటికి గుండీలు ఊడినయ్. జర కుట్టియ్యి."

"నేను కుట్టుడేంది, కాకా?"

"గుండీలు పెట్టుడు నేర్చుకుంటున్నవట గద! మీ నాయినమ్మనే చెప్పింది."

హేమలతకు అప్పుడు సంగతి అర్థమైంది. క్లాసులో ఏం నేర్పుతున్నారని మొన్న నాయనమ్మ లస్మవ్వ అడిగితే, ముసలామెకు తేలిగ్గా అర్థం కావాలని తెరమీది బటన్‌ను తెలుగు చేసి చెప్పింది. "గుండీలు పెట్టుడు, నాయినమ్మా. నొక్కితే పనైతది" అంది. నొక్కేవంటే జాకెట్లకు కుట్టే టిచ్ బటన్లేనని లస్మవ్వ తేల్చుకుంది. తేల్చుకుని ఊరుకునే మనిషా? మనవరాలు ఉచితంగా కుట్టిపెడుతుందని గల్లీ అంతా మాటిచ్చి వచ్చింది.

పోచన్న వెనకే జాకెట్లతో, నిక్కర్లతో ఇంకొంతమంది వచ్చారు. అందరినీ తోసుకుంటూ, కొంగు బిగించి, గల్లీలో బట్టలు కుట్టే రాజక్క వచ్చింది.

"ఫుకట్‌ల కుట్టి నా నోటికాడి బువ్వ గుంజుకుంటవానె?"

"నాకు సూదిల దారం ఎక్కియ్యనే రాదక్కా! నా గుండీలు కంప్యూటర్ల ఉంటయ్!"

"ఎవరి చెవుల పువ్వు పెడుతున్నవ్? ఏదీ, చూపియ్యి!"

చూపించక తప్పలేదు. ఆటోలో హేమలత, రాజక్క ఎక్కారు. పరువు సంగతి కాబట్టి లస్మవ్వ ఎక్కింది. కోట్లు వదల్లేక పోచన్న మూటతో సహా ఎక్కాడు.

క్లాసులో రాజక్క తెరమీది బటన్లను పట్టిపట్టి చూసింది. హేమలత ఏడులోంచి మూడు తీసి చూపించింది. పదే వచ్చింది.

"దీనికన్నా నేనే నయం!" అని రాజక్క కోపం మరిచి పకపకా నవ్వింది. నవ్వి, కుర్చీ ముందుకు లాక్కుంది. "సరే గని, దీనికి కొలతలు యాదికుంటయా? ఒకామె కొలత ఇంకొకామెకు పడి నాకు దినాం లొల్లే."

ఇదేదో బాగుందనుకుని హేమలత కాలిక్యులేటర్‌ను చెరిపేసి, కొలతల ప్రోగ్రాము మొదలుపెట్టింది. ఆ రోజంతా రాజక్క పక్కనే కూర్చుని పోచన్న కోట్లకు గుండీలు కుడుతూ, ఛాతీ ఎంతయితే బట్ట ఎంత కావాలో చెబుతూ పోయింది. హేమలత ఆ లెక్కల ప్రకారం తెరమీద గళ్లూ బటన్లూ పెడుతూ పోయింది. పోచన్న బరాత్‌కు వేళకే వెళ్లాడు.

సోమవారం వరసబెట్టి కాలిక్యులేటర్లు చూసి దేశ్‌కర్ సర్‌కు ఆవలింతలు ఆగలేదు. హేమలత దగ్గరికి వచ్చేసరికి కొలతల ప్రోగ్రాము చూసి సరదా పుట్టి, తన కొలతలే తీసుకోమన్నాడు. భారీ మనిషి. ఏమవుతుందో చూద్దామని వచ్చిన రాజక్క ఆయన చుట్టూ టేపు అతికష్టమ్మీద తిప్పింది. ఒక కోటుకు మామూలుగా తెచ్చే బట్ట ఎంతో కూడా లెక్కలో వేసి హేమలత బటన్ నొక్కింది. ఠంగుమని తెరమధ్య మరాఠీలో ఒక మాట వెలిసింది: "కాపడ్ కమీ పడేల్." బట్ట చాలదు!

హేమలతకు డీఎడ్ కాలేజీ గేటు కళ్లముందు కనబడింది. సర్ తెరను చూశాడు, తన పొట్టను చూసుకున్నాడు.

"మా టైలర్ మొహమాటానికి గుడ్డ ముడుచుకుపోయిందంటాడు. నిజం చెప్పింది నీ ప్రోగ్రామే" అని మరాఠీలో అంటూ పొట్ట అదిరేలా నవ్వాడు. "కొత్త బ్యాచ్ నీదే, పో!"

హేమలతకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

కొత్త బ్యాచ్‌లో అందరికంటే ముందు పేరు రాయించుకున్నది రాజక్క. మొదటిరోజు మౌస్ పట్టుకోమంటే, ఎందుకైనా మంచిదని, సూది గుచ్చుకోకుండా పెట్టుకునే అంగుస్తానాను ముందుగా వేలికి తొడుక్కుంది.